బరువు – బాధ్యత

పాఠ్యభాగ ఉద్దేశం: రైతు తన పంటను పొలం నుంచి మార్కెట్టుకు చేర్చే దారిలో బండి మీది బరువును ఎలా సర్దాలి, ఎలా కట్టాలి, ఆ విషయంలో చట్టం ఏమి చెబుతుంది, రహదారి పక్కన జరిగే తనిఖీలో ఎవరి హక్కు ఎంత, ఎవరి బాధ్యత ఎంత అనే అంశాలను వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

హైదరాబాదు మహానగరానికి తూర్పు వాకిలి ఎల్.బి.నగర్. విజయవాడ వైపు నుంచి వచ్చే జాతీయ రహదారి పెద్దఅంబర్‌పేట, హయత్‌నగర్, ఆటోనగర్, వనస్థలిపురం, చింతలకుంటల మీదుగా ఆ కూడలికి చేరుతుంది. పూర్వం 9వ నంబరుగా వ్యవహరించిన ఈ రహదారి 2010లో జరిగిన మార్పుల తరువాత 65వ నంబరు రహదారి అయింది. దాని చెంతనే ఉన్న ఊరు మన్సూరాబాద్. ఒకప్పుడు పంటపొలాల నడుమ పల్లెగా ఉండిన ఆ ఊరు, 2007లో ఎల్.బి.నగర్ పురపాలక ప్రాంతం మహానగరపాలక సంస్థలో కలిసిన తరువాత కాలనీలతో నిండిపోయింది. పొలాలు పోయినా పంటల రాకపోకలు మాత్రం ఆ దారిలో ఆగలేదు. నల్లగొండ, సూర్యాపేట ప్రాంతాల రైతులు తమ కష్టఫలాన్ని నగరానికి తెచ్చే మార్గం అదే. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు దశాబ్దాల పాటు ఆ దారి చివర నిలిచింది. 2021-22 సంవత్సరాలలో అది బాటసింగారానికి తరలిపోయింది. ఉల్లి, మిరప వంటి సరుకులకు మలక్‌పేట గంజు పేరెన్నిక గన్నది. నగరం చుట్టూ ఉన్న గేదెల పాకలకు వరిగడ్డి వచ్చేదీ ఇటువంటి దారులలోనే.

నగరవాసి కంటికి కనిపించేది తన కారు ముందు నెమ్మదిగా కదులుతున్న ట్రాక్టరు మాత్రమే. కాని ఆ ట్రాలీ మీద ఒక కుటుంబం ఏడాది పొడవునా పడిన శ్రమ ఉంటుంది. దాని వెనుక వచ్చే ద్విచక్రవాహనదారుని ప్రాణం ఆ ట్రాలీకి కట్టిన తాడు మీద ఆధారపడి ఉంటుంది. ఈ రెండింటినీ కాపాడవలసిన విద్యయే బరువును భద్రపరచే విద్య.

ఈ విద్య తెలుగు రైతుకు కొత్తది కాదు. ఎడ్లబండి కాలంలో ప్రతి పల్లెలోనూ బండి నింపడం తెలిసిన పెద్దలు ఉండేవారు. బండికి ఇరుసు ఒక్కటే. ఆ ఇరుసుకు ముందు వైపు బరువు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడలను నొక్కుతుంది; వెనుక వైపు ఎక్కువైతే కాడి పైకి లేచి, మెడపట్టెడలు ఎడ్ల గొంతులకు బిగుసుకుంటాయి. అందువలన బస్తాలను ఒక్కొక్కటిగా పేర్చుతూ, మధ్యమధ్య నొగలను చేతితో ఎత్తి చూసి, ముందుబరువు కొద్దిగా మిగిలేటట్లు సరిచూసుకొనేవారు. గడ్డిమోపులను అడుగున వెడల్పుగా, పైకి పోనుపోను ఇరుకుగా పేర్చి, మోకును అటునుంచి ఇటు వేసి, ఇద్దరు మనుషులు కాలు తన్ని బిగించేవారు. ఎడ్లు మూగజీవాలే అయినా తప్పును వెంటనే తెలియజేసేవి. బరువు సరిగా లేకపోతే అవి అడుగు ముందుకు వేయవు.

ట్రాక్టరుకు ఆ స్వభావం లేదు. మోయరాని బరువును కూడా అది మారుమాట లేకుండా లాగుతుంది. యంత్రం లాగగలిగిన బరువు వేరు, ఆపగలిగిన బరువు వేరు. ప్రమాదానికి మూలం ఈ భేదంలోనే ఉంది. ఎడ్లబండి గంటకు సుమారు 4 కిలోమీటర్లు నడుస్తుందనుకొందాం. అదే బరువు ట్రాలీ మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకొందాం. వేగం పదింతలైనప్పుడు కదలికలోని శక్తి పదింతలు కాదు, నూరింతలు అవుతుంది; శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. కావున బండి కాలంలో చాలిన మోకు, బండి కాలంలో చాలిన నేర్పు నేటి రహదారికి చాలవు.

ఇందులో జడత్వ సూత్రం కూడా ఉంది. చోదకుడు హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు వాహనం ఆగుతుంది గాని దానిమీది బస్తాలు ముందుకు పోవాలనే చూస్తాయి. మలుపు తిరిగినప్పుడు పక్కకు, గుంతలో పడినప్పుడు పైకి కదలాలని చూస్తాయి. ఐరోపా దేశాలు, అమెరికా ఈ విషయాన్ని లెక్కగట్టి ప్రమాణాలు ఏర్పరచుకొన్నాయి. వాటి ప్రకారం సరుకును పట్టి ఉంచే ఏర్పాటు ముందు వైపు ఆ సరుకు బరువులో 80 శాతానికి, పక్కలకూ వెనుకకూ 50 శాతానికి సమానమైన తోపును తట్టుకోవాలి. అనగా 1,000 కిలోల సరుకు ముందుకు కదలకుండా ఉండాలంటే 800 కిలోల తోపును ఆపగల అడ్డు కావాలి. ముందు తలుపు గట్టిగా ఉండి, సరుకు దానికి ఆనుకొని ఉన్నప్పుడు ఆ పనిలో అధిక భాగం తలుపే చేస్తుంది. మధ్యలో ఖాళీ వదిలితే సరుకు ఆ ఖాళీలో వేగం పుంజుకొని తలుపును గుద్దుతుంది. సరుకును ముందుతలుపుకు ఆనించి పేర్చమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

ఎడ్లబండికి వర్తించిన ముందుబరువు, వెనుకబరువు సూత్రం ఒకే ఇరుసు గల ట్రాలీకి కూడా వర్తిస్తుంది. బరువు ఇరుసుకు వెనుక చేరితే ట్రాలీ ముక్కు పైకి లేచి, ట్రాక్టరు వెనుక చక్రాల పట్టు సడలుతుంది. ముందుకు మరీ ఎక్కువగా చేరితే ట్రాక్టరు వెనుక భాగం అణగి, ముందు చక్రాలు తేలికపడి, స్టీరింగు తిప్పినా వాహనం తిరగదు. పత్తి, వరిగడ్డి వంటి తేలిక సరుకులకు మరొక చిక్కు ఉంది. వాటి బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ. ట్రాలీ అంచులు దాటి రెండు వైపులా ఉబికిన గడ్డి వెనుక వచ్చేవారికి దారి కనిపించనీయదు. ఎత్తు మించితే కరెంటు తీగలకు తగిలి అంటుకొంటుంది.

సరుకు సంగతి ఇట్లా ఉండగా, ట్రాలీ మీద మనుషులను ఎక్కించడం మరింత ఘోరమైన ఫలితాలను ఇస్తున్నది. 2018 ఏప్రిల్ నెలలో నల్లగొండ జిల్లాలో కూలి పనికి పోతున్న స్త్రీలతో ఉన్న ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది మరణించారు. అదే సంవత్సరం జూన్ 24వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో మరొక ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేను మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో అత్యధికులు పత్తిచేలలో పనికి బయలుదేరిన స్త్రీలు. కొద్ది నెలల వ్యవధిలో ఒకే ప్రాంతంలో జరిగిన ఈ రెండు దుర్ఘటనలు చెప్పే సత్యం ఒక్కటే: ట్రాలీ సరుకు కోసం చేసినది. దానిలో కూర్చొనేందుకు ఆసనం లేదు, పట్టుకొనేందుకు ఆధారం లేదు. బోల్తా పడినప్పుడు అది మూతవలె మనుషుల మీద బోర్లపడుతుంది.

ఇక చట్టం విషయం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఈ రంగానికి మూలం. దాని 113వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలో పేర్కొన్న మొత్తం బరువును మించి ఏ మోటారు వాహనాన్ని గాని, ట్రాలీని గాని బహిరంగ ప్రదేశంలో నడపరాదు. ఇక్కడ మొత్తం బరువు అనగా వాహనం సొంత బరువు, దానిమీది సరుకు బరువు కలిపిన మొత్తం. చాలామంది ఈ అంకెను సరుకు బరువుగా పొరబడతారు. యజమాని తాను నడపకపోయినా, ఆ బరువుతో వాహనాన్ని నడిపించడం గాని, నడపనివ్వడం గాని తప్పేనని అదే సెక్షన్ చెబుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ట్రాలీ సొంత బరువు 1.5 టన్నులు, పత్రంలోని మొత్తం బరువు 4.5 టన్నులు అనుకొందాం. దాని మీద వేయదగినది 3 టన్నుల సరుకు. 40 కిలోల ధాన్యం బస్తాలైతే 75 మాత్రమే. రైతు 100 బస్తాలు వేసినప్పుడు అది 4 టన్నులు అవుతుంది. 1 టన్ను అధికం. 2019లో చట్టానికి జరిగిన సవరణ ప్రకారం 194వ సెక్షన్ కింద అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, దానిపై మించిన ప్రతి టన్నుకు 2,000 రూపాయలు. అంతకు ముందు ఇది కనీసం 2,000 రూపాయలు, టన్నుకు 1,000 రూపాయలుగా ఉండేది. పై ఉదాహరణలో కొత్త లెక్క ప్రకారం మొత్తం 22,000 రూపాయలు. 2025-26 సంవత్సరానికి సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అదనంగా వేసిన పది క్వింటాళ్ల విలువ 23,690 రూపాయలు. ఒక్క ప్రయాణం ఆదా చేద్దామని వేసిన ధాన్యం విలువలో దాదాపు మొత్తం జరిమానాకే పోతుంది. న్యాయస్థానానికి పోకుండా రాజీగా చెల్లించే రుసుమును 200వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది కనుక వసూలయ్యే మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారవచ్చు. చట్టం దృష్టిలో ఆ తప్పు తీవ్రత మాత్రం మారదు. సరుకు పక్కలకు గాని, ముందువెనుకలకు గాని, ఎత్తులో గాని అనుమతించిన హద్దు దాటితే, బరువు మించకపోయినా, అదే సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా ఉంది.

జరిమానా కట్టితే అదే బరువుతో ముందుకు సాగిపోవచ్చునని కొందరి నమ్మకం. అది సరికాదు. 2005 నవంబరులో సుప్రీంకోర్టు పరంజిత్ భాసిన్ కేసులో ఈ విషయాన్ని స్పష్టం చేసింది. అధికమైన సరుకును దించిన తరువాతనే వాహనం కదలాలి. జరిమానా తప్పుకు శిక్షయే గాని ఆ తప్పును కొనసాగించేందుకు అనుమతి కాదు.

రహదారి పక్కన తనిఖీ జరిగే తీరును కూడా చట్టం నిర్దేశించింది. యూనిఫారం ధరించిన పోలీసు అధికారి అడిగినప్పుడు చోదకుడు లైసెన్సు చూపవలసిందే. రిజిస్ట్రేషన్, బీమా పత్రాలు కూడా చూపాలి. 2018 నుంచి ఈ పత్రాలను డిజిలాకర్, ఎం-పరివాహన్ వంటి ప్రభుత్వ వ్యవస్థల ద్వారా సెల్‌ఫోనులో చూపినా చెల్లుతాయి. బరువు విషయంలో అనుమానం కలిగితే, ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారి 114వ సెక్షన్ ప్రకారం వాహనాన్ని కాటా వద్దకు తీసుకొనిపొమ్మని ఆదేశించవచ్చు. ఆ కాటా వాహనం పోవలసిన దారిలోని ఏదైనా ఒక చోటు నుంచి 10 కిలోమీటర్ల లోపల గాని, గమ్యస్థానం నుంచి 20 కిలోమీటర్ల లోపల గాని ఉండాలి. రైతును ఎంత దూరమైనా తిప్పేందుకు ఈ సెక్షన్ ఆస్కారమివ్వదు. తూకంలో అధికమని తేలితే సరుకు దించమనే ఆదేశం వ్రాతపూర్వకంగా ఉండాలి. ఆపకుండా పోయినా, తూకానికి నిరాకరించినా 40,000 రూపాయల జరిమానా ఉంటుంది. అధికారి బరువును తూచి చెప్పాలి, ఆదేశాన్ని వ్రాసి ఇవ్వాలి. రైతు ఆగాలి, చూపాలి, తూకానికి సహకరించాలి. జరిమానా చలానాగా నమోదు కావాలి. రసీదు లేని చెల్లింపు చట్టంలో ఎక్కడా లేదు.

వ్యవసాయపు ట్రాక్టరుకు చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు దానిని రవాణా వాహనంగా పరిగణించలేదు. పొలం పనులకు, వ్యవసాయ సరుకుల తరలింపునకు ఉద్దేశించిన వాహనంగా నిర్వచించాయి. అయితే ఈ వెసులుబాటు వ్యవసాయానికి మాత్రమే. అదే ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి ఇటుకలో ఇసుకో అద్దెకు మోస్తే అది వ్యవసాయం అనిపించుకోదు. ఇండ్ల నిర్మాణం జోరుగా సాగే నగర శివార్లలో ఈ తేడాను మరచినవారికి తనిఖీలో చిక్కులు తప్పవు. బీమా విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. సరుకు వాహనంలో ప్రయాణించేవారిలో సరుకు యజమానికి లేదా ఆయన అధికారమిచ్చిన ప్రతినిధికి 1994 సవరణ రక్షణ కల్పించింది. ట్రాలీ మీద ఎక్కించుకొన్న ఇతరులకు అటువంటి భరోసా లేదు. ప్రమాదం జరిగిననాడు పరిహారం భారం యజమాని పొలం మీద పడే అవకాశం ఉంది.

ఇంత తెలిసినా రైతు ఎందుకు అధికంగా నింపుతాడు? దీనికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే అనడం అన్యాయం. ట్రాక్టరు అద్దె ప్రయాణానికి ఇంత అని లెక్క. రెండు ప్రయాణాలకు రెండు అద్దెలు, రెండింతల డీజిలు. టమాట, మామిడి వంటివి ఎండలో నిలవవు. తెల్లవారుజామున మార్కెట్టు చేరకపోతే ధర పడిపోతుంది. తనిఖీలో గంటసేపు ఆగిన మామిడి బండికి ఆ గంట విలువ రైతుకు తెలిసినంతగా అధికారికి తెలియదు. అట్లాగే, తాడు తెగి రోడ్డు మీద పడిన బస్తాను తప్పించబోయి మరణించినవాని ఇంటికి వార్త మోసుకొనిపోయే బాధ అధికారికి తెలిసినంతగా రైతుకు తెలియదు. ఇద్దరూ ఒకరి కష్టం ఒకరు ఎరిగినప్పుడే తనిఖీ తగవుగా మారకుండా ఉంటుంది.

ఇతర దేశాలలో కూడా ఈ సమస్య ఉంది. అమెరికాలో 2012లో చేసిన చట్టం రైతుల సొంత వాహనాలకు వాణిజ్య లైసెన్సు వంటి కొన్ని నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. జర్మనీ రహదారి నియమావళి హఠాత్తుగా బ్రేకు వేసినా, ఒక్కసారిగా పక్కకు తిప్పినా సరుకు జారకుండా, దొర్లకుండా, పడకుండా ఉండాలని నిర్దేశిస్తుంది. పత్రాల విషయంలో రైతుకు సడలింపు ఇవ్వవచ్చు. భూమ్యాకర్షణ మాత్రం ఎవరికీ సడలింపు ఇవ్వదు.

కావున ప్రయాణానికి ముందు పాటించవలసిన జాగ్రత్తలను క్రమంగా తెలుసుకోవాలి. మొదట పత్రంలోని బరువును చూసుకొని బస్తాల లెక్క కట్టాలి. బరువైన వాటిని అడుగున, ఇరుసుకు దగ్గరగా, ముందుతలుపుకు ఆనించి పేర్చాలి. వరుసలను ఇటుక గోడవలె జోడుతప్పించి పేర్చితే బస్తాలు ఒకదానినొకటి పట్టుకొంటాయి. తాడును ట్రాలీ కొక్కేలకు కట్టాలి గాని తలుపు గొళ్లేనికి కట్టరాదు. చీకిన తాడును, ముడులు వేసి అతికిన తాడును వాడరాదు. విడి గింజలకు, గడ్డికి పట్టా కప్పి నాలుగు మూలలా కట్టాలి. ట్రాక్టరును ట్రాలీతో కలిపే పిన్నుకు తాళపు చీల ఉన్నదో లేదో చూసి, అదనంగా గొలుసు వేయాలి. కొంత దూరం పోయిన తరువాత సరుకు సర్దుకొని తాళ్లు వదులవుతాయి. అక్కడ ఆగి మళ్లీ బిగించాలి. ట్రాలీ వెనుక ఎర్రని ప్రతిఫలక పట్టీలు మట్టి లేకుండా తుడవాలి. రాత్రివేళ దీపాలు లేని ట్రాలీని రోడ్డు మీద నిలపడం వెనుక వచ్చేవారికి గోడ అడ్డం కట్టడంతో సమానం. ప్రమాదకరమైన చోట వాహనాన్ని వదలిపెట్టడాన్ని చట్టంలోని 122వ సెక్షన్ నిషేధించింది.

బండి బరువు, బండివాని బాధ్యత మన ప్రాచీనులు కూడా ఆలోచించిన విషయాలే. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో వాహనాల వలన కలిగే హాని గురించిన విచారణ ఉంది. కాడి విరిగినా, ఇరుసు విరిగినా, పగ్గం తెగినా, తొలగండని సారథి కేక వేసినా దండన లేదు. కాని సారథి నేర్పులేనివాడైనందువలన హాని జరిగితే బండి యజమానికే 200 పణాల దండన విధించింది. నేర్పులేనివానికి బండి అప్పగించినవాడే దోషి అనే ఈ భావం నేటి చట్టంలో యజమాని బాధ్యతను చెప్పే సెక్షన్‌లో మరొక రూపంలో కనిపిస్తుంది.

ధర్మశాస్త్రం సంస్కృతంలో ఉండిన కాలంలో దానిని తెలుగువారికి తెలుగులో అందించాలనే తలంపుతో 13వ శతాబ్దిలో కేతన మహాకవి, యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షర వ్యాఖ్యను అనుసరించి విజ్ఞానేశ్వరీయమును రచించాడు. పాటించవలసినవాని భాషలో లేని చట్టం అతనికి దండనగా మాత్రమే తెలుస్తుంది. నేటి రైతు జేబులోని రిజిస్ట్రేషన్ పత్రం అతనికి తెలిసిన భాషలో లేదు. దానిలోని ఒక్క అంకెను చదివి చెప్పగల కొడుకో కూతురో ఇంట్లో ఉంటే ఆ ట్రాలీ సగం భద్రమైనట్లే. ఇంటర్మీడియట్ చదివే విద్యార్థి తన చదువుతో ఇంటికి వెంటనే చేయగలిగిన మేలు ఇది. ఆ అంకె తెలిసిన రైతు తనిఖీ కేంద్రాన్ని చూసి వేగం పెంచడు, తల దించుకోడు. పత్రం చూపి, తూకం చూపించి, తన దారిన తాను మార్కెట్టుకు పోతాడు.

ప్రశ్నలు

1. ఎడ్లబండి నింపడంలో పాటించిన ముందుబరువు, వెనుకబరువు సూత్రం ట్రాలీకి ఎట్లా వర్తిస్తుందో వివరించండి.
2. అధిక బరువు విషయంలో జరిమానా చెల్లించినా సరుకు ఎందుకు దించాలి?
3. రహదారి తనిఖీలో అధికారికి, రైతుకు గల హక్కులను, బాధ్యతలను వ్రాయండి.
4. చట్టం ప్రజల భాషలో ఉండవలసిన ఆవశ్యకతను పాఠం ఆధారంగా చర్చించండి.